విలుకాని విజయము

1911వ సంవత్సరము ఆగస్టు మాసమున, కాలిఫోర్నియా రాష్ట్రమందలి ఓరోవిల్ పట్టణ సమీపమునకు, తన జాతివారందఱు నశింపగా ఏకాకియై మిగిలిన యాహీ తెగవాడొకడు అడవి వెడలి వచ్చెను. ఇషీ యని లోకము పిలిచిన ఆ పురుషుని సాన్ ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయ ప్రదర్శనశాలకు గొనిపోగా, చేరువనున్న వైద్యకళాశాలయందు శస్త్రవైద్యుడైన శాక్స్టన్ పోప్ అతనితో చెలిమి చేసి, శిష్యుడై, విల్లు చెక్కుటయు, అమ్ములు కట్టుటయు, మృగమును సమీపించుటయు నేర్చుకొనెను. 1916లో ఇషీ క్షయవ్యాధిచే మరణించెను. పోప్ 1923లో ప్రకటించిన గ్రంథము పెక్కుమంది అమెరికనులకు ఈ విద్యయం దాసక్తి కలిగించెను.

గుండ్రని లక్ష్యఫలకమును దూరమునుండి కొట్టుటలో ఇషీ మేటి కాడు. నాగరిక విలుకాండ్రు అతనిని సులభముగ మించిరి. అడవిలో మాత్రము వారికి గురువతడే. వేటకు ముందు అతడు పొగ త్రాగడు, చేపలు తినడు. ప్రాతఃకాలమున సెలయేట స్నానమాడి సుగంధపత్రములతో మేను రుద్దుకొనును. గాలికెదురుగ నడచి, పొదమాటున నక్కి, పెదవులపై వ్రేళ్లుంచి కుందేలు ఆర్తనాదమును అనుకరించి, మృగమే తన కడకు వచ్చునట్లు చేయును. అతని చేతి విల్లు పొట్టిది. జూనిపర్ బద్దకు వెనుకవైపున జింకనరములు అతికించినది. ఆ విల్లు చాలినదనిన, దాని చాలని బలమును ఆతని సామీప్యమే పూరించినదని నా అభిప్రాయము.

సామీప్యమునకు ఇంతటి ప్రాధాన్యమెందుకనగా, సంప్రదాయపు వింటినుండి వెలువడు బాణము సెకనుకు సుమారు 50 మీటర్లు మాత్రమే పోవును. నారి మ్రోతయో 340 మీటర్లు పోవును. 20 గజముల దూరమున నిలిచిన దుప్పికి ఆ మ్రోత ముందు చేరును, బాణము సెకనులో మూడవవంతు గడచిన పిమ్మట చేరును. 40 గజములైనచో ఆ వ్యవధి రెట్టింపగును. ఉలికిపడిన దుప్పి ఆ వ్యవధిలోనే మేను క్రుంచి చోటు మాఱును. అదియునుగాక, బాణము తుపాకిగుండు వలె అభిఘాతముచే చంపదు. వాడియైన అలుగు ఊపిరితిత్తులను, గుండెను ఛేదించి రక్తస్రావముచే చంపును. కావున మృగము ప్రక్కగానో, కొంచెము ఆవలికి తిరిగియో నిలిచిననే శరము విడువవలెను. ఎదురుగ నిలిచినను, కొమ్మ అడ్డువచ్చినను, ఎక్కుపెట్టిన నారిని మెల్లగ దించవలెను. గాయపడి పాఱిన దుప్పి ఎక్కడనో తుప్పలలో దినములతరబడి వేదనపడుట కన్న ఘోరమైన అపజయము విలుకానికి లేదు.

1961లో స్థాపితమైన పోప్ అండ్ యంగ్ క్లబ్బు, పోప్ పేరును, అతని సహచరుడైన ఆర్థర్ యంగ్ పేరును ధరించి, కొమ్ముల కొలతలను అంగుళములలో లెక్కించి నమోదు చేయుచున్నది. మృగమునకు తప్పించుకొను న్యాయమైన అవకాశముండవలెనను దాని నియమము శ్లాఘ్యమే. అయినను గెలుపును కొమ్ముల పొడవుతో కొలుచుట నాకు సమ్మతము కాదు. పది గజములలోనికి వచ్చియు, గురి కుదురక, దుప్పిని పోనిచ్చి రిక్తహస్తుడై మరలినవాడు ఆ దినమున గెలిచినవాడే యని నేను దృఢముగ నమ్ముదును.

వింటి ఎంపికయు, గురి కుదురనిచో నారిని దించగల ఈ నిగ్రహమునుండియే పుట్టవలెను. సాధారణముగ విల్లు బలమును 28 అంగుళములు లాగినప్పటి పౌనులలో చెప్పుదురు; దుప్పివేటకు అమెరికాలోని పెక్కు రాష్ట్రములు 35 లేక 40 పౌనులు కనీసముగ విధించినవి. బలమధికమైన కొలది మేలని భ్రమించి, నింగివైపు విల్లెత్తి, మేనెల్ల వణకుచు లాగువారు పెక్కురు. ఆ కదలికను దుప్పి ముందే కనిపెట్టును. మిసోరీవాసి హాలెస్ ఆలెన్ 1969లో పేటెంటు పొందిన కాంపౌండ్ విల్లు, చక్రముల సాయమున, పూర్తిగ లాగిన పిమ్మట భారమును చాలవఱకు తగ్గించును గనుక, నిలిపి గురిచూచుట తేలిక; అభ్యాసమునకు తీరిక లేనివాడు దానిని గైకొనుటలో న్యూనత లేదు. సాదావిల్లు కోరువాడు మాత్రము అంగడిలో నేలపై కూర్చుండి, విల్లును గురికి సూటిగ నిలిపి, చప్పుడు లేకుండ లాగి, కొంతసేపు పట్టి, మరల చప్పుడు లేకుండ దించి చూడవలెను. దించలేకపోయిన యెడల, ఎంత అందమైన విల్లైనను, దానిని అక్కడనే విడిచి ఐదు పౌనులు తక్కువదానిని అడుగవలెను.