కూలివాని వంశావళి

మూడేళ్ల క్రితం మారిషస్ నుంచి వొకాయన శ్రీకాకుళం వచ్చాడు. చేతిలో వొక కాగితం. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థ భద్రపరచిన వలస రిజిస్టర్లలోంచి తీయించుకున్న నకలు అది. అందులో ఆయన ముత్తాత వరుససంఖ్య వుంది, పేరు వుంది, తండ్రిపేరు వుంది. వయసు, యెత్తు, వొంటిమీది మచ్చ, కులం, జిల్లా, గ్రామం వున్నాయి. తెలుగు అధ్యాపకుణ్ణి గనక నన్ను తోడు రమ్మన్నారు. గ్రామం పేరు గుమాస్తా తన చెవికి తోచినట్టు రాసుకున్నది. ఆ పోలికగల వూళ్లు మాకు మూడు తగిలాయి. మొదటి వూళ్లో రామకోవెల అరుగుమీద కూర్చున్న వొక ముసలమ్మ ఆయన్ని యెగాదిగా చూసి అడిగింది: “అదంతా సరేగానీ బావూ, మీ ఇంటిపేరేటి?”

కాగితంలో ఇంటిపేరుకు గడి లేదు.

ఆ లేని గడిని గురించే యీ వ్యాసం. వంశచరిత్రను మన విమర్శకులు చరిత్రకారులకు వొదిలిపెట్టారు. అది పొరపాటని నా అభిప్రాయం. వంశావళి అనేది మన సాహిత్యంలో చాలా పాత ప్రక్రియ. ‘మనుచరిత్ర’ అవతారిక తెరిచి చూడండి: చంద్రునితో మొదలుపెట్టి కృష్ణదేవరాయల దాకా దిగుతుంది. అవతారికల్లోని కృతిపతి వంశవర్ణన ఛందస్సును ముచ్చటగా చెప్పుకుంటాం గాని, దాని పని యేమిటో అడగం. రాజ్యం తనదని చెప్పుకోవడానికి కర్తకు తాతలు కావాలి. తాతలు చాలకపోతే చంద్రుడు కావాలి.

మన వైపే చూద్దాం. 1897లో ఆనందగజపతి మరణించిన తరవాత విజయనగర సంస్థానం వారసత్వం మీద దావా నడిచింది. రీవా మహారాణి అప్పలకొండయాంబ కార్యదర్శిగా గురజాడ అప్పారావు ఆ వ్యవహారపు కాగితాల మధ్య యేళ్లు గడిపాడు. ఎవరు ఎవరికి పుట్టారు, ఎవరు ఎవరిని దత్తు తీసుకున్నారు అన్నది అక్కడ కేవలం కుటుంబ ముచ్చట కాదు. వేల యెకరాల ప్రశ్న. 1909లో వచ్చిన ‘కన్యాశుల్కం’ రెండవ కూర్పులో వకీళ్లు, కోర్టులు, దొంగసాక్ష్యాలు అంత చోటు ఆక్రమించడం చూసినప్పుడల్లా నాకు ఆ దావా గుర్తుకొస్తుంది. ఇది రుజువు చేయగల సంగతి కాదు, నా వూహ మాత్రమే.

ఆస్తి వున్నచోట వంశవృక్షం వుంది. మరి ఆస్తి లేనివాడి సంగతి? రైత్వారీ జిల్లాల్లో కనీసం పట్టాదారుగా రైతు పేరు సర్కారు దస్త్రంలో పడింది. 1802 నుంచి శాశ్వత పరిష్కారం కింద జమీందార్ల చేతికి పోయిన కళింగాంధ్రలో ఆ పేరు ఠాణా కచేరీ దాటి బయటకు రావడం అరుదు. ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది 1948లో. ఇక రైతు పొలంలో పాలేరు పేరు కచేరీలోనూ లేదు.

అంతమాత్రాన పేదవాడికి జ్ఞాపకం లేదనుకోవడం మన చదువుకున్నవాళ్ల అహంకారం. తెలుగు దేశంలో పిచ్చుకుంట్లవారు కాపుల గోత్రాలూ ఇంటిపేర్లూ పాడుతూ వూరూరా తిరిగారు. డక్కలివారు మాదిగలకు జాంబపురాణం చెప్పారు. ఇవి ఆశ్రితకులాల ‘జానపద కళలు’గా మన పాఠ్యపుస్తకాల్లో వొక పేరాకి కుదించుకుపోయాయి. భూమి లేనివారికీ వంశం వుందని పలికిన సాహిత్యం ఇది. అయితే పాట వూరిలో వున్నవాణ్ణి పాడుతుంది. ఓడెక్కినవాడి పేరు పాటలో ఎన్ని తరాలు నిలుస్తుంది?

ఓడెక్కినవాడి పేరు కాగితంలో నిలిచింది. అదే యీ కథలోని క్రూరమైన విచిత్రం. 1834 మొదలు మారిషస్‌కు నాలుగున్నర లక్షలమంది, 1860 నుంచి 1911 దాకా నేటాలుకు 1,52,184 మంది గిరిమిట్టు మీద వెళ్లారు. నేటాలు వెళ్లినవారిలో హెచ్చుమంది మద్రాసు రేవునుంచి కదిలినవాళ్లే. గంజాం, విశాఖపట్నం జిల్లాలవాళ్లు వారిలో వున్నారు. జమీందారు కచేరీకి అక్కరలేని మనిషి పేరు, వాడి తండ్రి పేరు, వాడి వూరు తోటల యజమానికి అక్కరకొచ్చాయి. ఎందుకు? పారిపోతే పట్టుకోవాలి గనక. రాజుకు ఆస్తి వుంది గనక వంశావళి పుట్టింది. కూలికి తానే ఆస్తి అయినందువల్ల పుట్టింది. వొంటిమీది మచ్చ గడికి కారణం అదే. పశువుల సంతలో కూడా మచ్చ చూసే రాసుకుంటారు.

దీనికి యెదురు సాక్ష్యం మన యిళ్లలోనే వుంది. మన తాతలు ‘రంగం వెళ్లాడు’ అనేవారు. రంగం అంటే రంగూన్. నేటాలుకంటే ఎంతో దగ్గర. కోరంగివాళ్లని అక్కడ పిలిపించుకున్న మనవాళ్లు మేస్త్రీల కింద, అప్పుల కింద వెళ్లారు. అయిదేళ్ల ఒప్పందం, వలస అధికారి, రిజిస్టరు అక్కరలేకపోయాయి. మేస్త్రీ దగ్గర అప్పు చిట్టా వుంటే చాలు. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాక కాలినడకన బయలుదేరి దారిలో రాలిపోయినవారికి తండ్రిపేరు రాసుకున్న కాగితం ఎక్కడ వెతకాలి? మా వైపు మారిషస్ మనుమలు కాగితం పట్టుకుని వస్తారు. రంగం మనుమలు రారు.

ఇది మన దేశపు ప్రత్యేకత అనుకోనక్కరలేదు. కైఫీయతులు సేకరింపజేసిన కర్నల్ కాలిన్ మెకంజీని మనం ఎరుగుదుం. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో మన గ్రామచరిత్రలూ పాలెగాళ్ల వంశావళులూ కూడబెట్టిన ఆయన స్కాట్లండు వాయవ్యాన వున్న లూయిస్ దీవివాడు, స్టోర్నవే రేవులో పుట్టినవాడు. 1821లో ఆయన కలకత్తా వైపున చనిపోయాడు. ఇరవైమూడేళ్ల తరవాత, 1844లో, చైనాకు నల్లమందు అమ్మి గడించిన సొమ్ముతో జేమ్స్ మాథిసన్ ఆ దీవిని కొన్నాడు. ఆ నల్లమందు పండించింది మన దేశపు రైతు. 1851 నుంచి అయిదేళ్లలో, శిస్తు బకాయిపడ్డ కుటుంబాలను మాథిసన్ ఓడలెక్కించి కెనడాకు పంపించాడు. పదిహేడు వందలమందికి పైనే. వాళ్ల మనుమలు నేడు దీవికి తిరిగొచ్చి వెతుక్కునేది దేన్ని? చర్చి రిజిస్టర్లతోపాటు ఎస్టేటు శిస్తు జాబితాలను. మన జమాబందీ వంటివే అవి.

వొక తేడా మాత్రం వుంది. దీవి నిండా మక్లౌడ్లు, మారిసన్లు, మెక్‌డొనాల్డులే. ఇంటిపేరు చెబితే అక్కడ యేమీ తేలదు. తండ్రి, తాత, ముత్తాత పేర్లు వరసగా పలికితేనే ముసలివాళ్లు గుర్తుపడతారు. మన వూళ్లో దీనికి తలకిందులు. అప్పన్న కొడుకు అప్పలస్వామి అంటే ఎవడు? సింహాచలం దేవుడి నీడలో వున్న వూళ్లలో ప్రతి వీధికీ వొకడుంటాడు. ఇంటిపేరే యిల్లు చూపిస్తుంది. లూయిస్ మనిషికి పనికిరాని ఇంటిపేరు మిగిలింది. పనికొచ్చే మన ఇంటిపేరు గుమాస్తా రాయలేదు.

యీ సందర్భంలో వొక పుస్తకం చెప్పుకోవాలి. మారిషస్‌లో పుట్టి ఫ్రెంచిలో రాసే నతాషా అప్పన్న 2003లో ‘లే రొషే ద పూద్ర్ దోర్’ అన్న నవలలో గిరిమిట్టు కూలీల కథ చెప్పింది. తన కుటుంబపు కథ నేరుగా చెప్పడానికి ఆమెకు మరో ఇరవై యేళ్లు పట్టింది. 2023లో వచ్చిన ‘లా మెమ్వార్ దెలావే’ 1872లో దీవి చేరిన తన పూర్వీకులనుంచి తాత నాయనమ్మల దాకా వస్తుంది. వెలిసిపోయిన జ్ఞాపకం అని ఆ పేరుకు అర్థం చెప్పుకోవచ్చు. ఉతికి ఉతికి రంగుపోయిన చీరకు మనం వాడే మాట అది. మనుషుల్ని అంకెలుగా మార్చిన పద్ధతిని ఆమె మరిచిపోనివ్వదు. పూర్వీకుల్ని వీరులుగా పెంచి అవతారిక రాయాలన్న ఆశకు లొంగకపోవడం ఆ పుస్తకంలో నాకు నచ్చిన గుణం. ఇది తెలుగులోకి రావాలి.

లొంగిపోయేవాళ్లు చాలామందే వున్నారు. జాబితాలోని కులం గడి చూసుకుని పొంగిపోయేవాళ్లూ, వారికి పూలదండలతో యెదురొచ్చే కులసంఘాలూ పెరుగుతున్నాయి. డిపోలో, ఓడలో ఎందరో కులాలు మార్చి చెప్పుకున్నారని పరిశోధకులు చెబుతూనే వున్నారు. నేటాలులో నాయుడు అన్నది కులం గుర్తు స్థాయి దాటి, తెలుగువాడన్న గుర్తుగా ఎందరికో స్థిరపడింది. సముద్రం మీద మనిషి తప్పించుకున్నదాన్ని మనుమడి మెడలో మళ్లీ వేయడం మూలాన్వేషణ అనిపించుకోదు. ఆ గడి రాసింది ఎవరు, ఎవరిని అడిగి, ఎందుకు అన్న మూడు ప్రశ్నలు వేయకుండా జాబితా చదివేవాడు, అవతారికను చరిత్రగా చదివేవాడికంటే మెరుగేమీ కాదు.

జిల్లా గడి కూడా అంతే చిక్కు. గంజాం జిల్లా, చికాకోల్ తాలూకా అని వుంటుంది. 1936లో గంజాం ఒరిస్సాకు పోయినప్పుడు శ్రీకాకుళం వైపు తాలూకాలు విశాఖపట్నంలో కలిశాయి. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022లో పార్వతీపురం మన్యం వేరు జిల్లాలయ్యాయి. ఆ పెద్దమనిషి మొదట ఒరిస్సా గంజాంలో నాలుగు రోజులు తిరిగి మరీ మా దగ్గరకు వచ్చాడు.

మూడు వూళ్లూ చూశాం, ఏదీ తేలలేదు. మూడో వూళ్లో ఆయన చెరువుగట్టు మీద కాసేపు కూర్చుని, గుప్పెడు మన్ను రుమాల్లో కట్టుకున్నాడు. నాకు మాత్రం ముసలమ్మ ప్రశ్న వదల్లేదు. మరుసటి సెలవుల్లో మా విద్యార్థులు నలుగుర్ని ఆ మూడు వూళ్లకు పంపి, గడపగడపకూ ఇంటిపేర్లు రాసుకురమ్మన్నాను. వున్నవాళ్లవి రాశాక, ఇప్పుడు ఎవరూ లేనివాళ్లవి అడగమన్నాను. మళ్లకీ, దిబ్బలకీ, పాడుబడ్డ నూతులకీ అంటుకుని మనుషులు లేని ఇంటిపేర్లు పదకొండు దొరికాయి. ఆ జాబితా మారిషస్‌కు పంపించాను.