పలచటి గీత

కల్లంటే వేళ్ల నుంచి తాటిచెట్టు పైకెక్కే నీరని చాలామంది అనుకుంటారు. చదువుకున్నవాళ్ల నోటా విన్నాను. వేళ్లు పంపే నీటిలో తీపి దాదాపు ఉండదు. లొట్టిలో పడే రసంలో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర. ఇవాళ్టిదైనా, మానులో దాచుకున్నదైనా, అదంతా ఆకుల్లో ఎండ తగిలి తయారైనదే.

ఆకులో పుట్టిన చక్కెర, జల్లెడలాంటి అడ్డుగోడలుండే చాలనీ నాళాల్లోకి చేరుతుంది. అక్కడ అది చిక్కబడ్డకొద్దీ పక్కనే వేళ్ల నీటిని మోసే దారువులోంచి నీరు వచ్చి కలుస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది. వేరు కానీ, మొవ్వు కానీ, కాయ కానీ, చక్కెర ఖర్చయ్యే వైపుకి ఆ ఒత్తిడే రసాన్ని తోసుకుపోతుంది. ఈ వివరణ ఇచ్చింది జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ మ్యూంక్, 1930లో. నాకు మాత్రం అంతకంటే అబ్బురం ఆ నాళాల ఆయుష్షు. వాటి కణాల్లో కేంద్రకం ఉండదు. వేప, చింతల్లా ఏటా కొత్త నాళాలు వేసుకుంటూ లావెక్కే వీలు తాటికి లేదు. అందుకని ఉన్న నాళాలే పక్కనుండే సహకణాల ఆసరాతో దశాబ్దాల పాటు పనిచేస్తాయి.

గీసేవాడు ఈ ప్రవాహాన్ని గెల దగ్గర పట్టుకుంటాడు. పువ్వుకీ కాయకీ పోవాల్సిన చక్కెర లొట్టిలోకి మళ్లుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులియకుండా నీరాగా దిగుతుంది, పూయకపోతే కల్లు. మోకు వేసుకుని పొద్దునా సాయంత్రం ఎక్కి, గెల కొసన పలచటి పొర తీయాలి. మందంగా తీస్తే గెల తొందరగా అరిగిపోతుంది, అన్ని రోజుల కల్లూ పోయినట్టే. తెగీ తెగనట్టు గీస్తే ధార రాదు. అంత ఎత్తున, మోకు మీద ఒరిగి నిలబడి ఆ మందం తప్పకుండా కత్తి ఆడించడం నా దృష్టిలో చాలా గొప్ప పనితనం.

“ఒక్కపూట గియ్యకపోతే ఏమైతది మామా?” అని మా ఊరి గీత కార్మికుణ్ని అడిగాను.

“మూసుకపోతది బిడ్డా. గాయం మానితే కల్లెక్కడిది?”

సరిగ్గా అదే జరుగుతుంది. నాళం తెగగానే చెట్టు తన చక్కెర కారిపోకుండా జల్లెడ రంధ్రాలకు కాలోజ్ అనే పదార్థాన్ని అడ్డం పెడుతుంది. మరుసటి పూట గీత ఆ మూతను తీసేస్తుంది. చెట్టు మళ్లీ మూస్తుంది. అందుకే ఇంట్లో పెళ్లయినా, జ్వరమైనా ఆ పూట తమ్ముడో బామ్మర్దో మోకు తీసుకుని చెట్టెక్కాల్సిందే.