నర్సు పడుకోబెట్టినట్టే

కాన్పయిన మర్నాడు నర్సు బిడ్డను ఎలా పడుకోబెడుతుందో తల్లి రెప్పవాల్చకుండా చూస్తుంది. ఇంటికెళ్లాక అదే చేస్తుంది. డిశ్చార్జి కాగితాల్లో ఏం రాసున్నా సరే, వార్డులో నర్సు బిడ్డను పక్కకు ఒత్తిగిల్లించి వీపు వెనక టవలు చుట్ట పెట్టిందంటే ఇంట్లోనూ టవలు చుట్ట వెలుస్తుంది.

మా అమ్మాయి పురిటికి అమెరికా వెళ్లినప్పుడు ఈ సంగతి దగ్గర నుంచి చూశాను. నర్సు బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టింది. పాలు కక్కితే గొంతుకు అడ్డం పడవా అని అమ్మాయి చేత అడిగించాను. ఆవిడ విసుక్కోలేదు. తన మెడ మీద వేలితో చూపించింది: వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరిగొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి, కక్కిన పాలు పైకెక్కి ఊపిరిగొట్టంలోకి పోవడం కష్టం. బోర్లా పడుకుంటే తారుమారు. ఆవాల దిండు సంగతీ అడిగించాను. నిద్రపోయే చోట దిండు, దుప్పటి, బొమ్మ ఏదీ వద్దంది. తల చదునవుతుందని భయముంటే మెలకువగా ఉన్నప్పుడు మన కళ్లెదుట కాసేపు బోర్లా వేయమంది.

అక్కడా వెల్లకిలా నిద్ర పాత మాటేమీ కాదు. పిల్లల పెంపకం మీద డాక్టర్ స్పాక్ రాసిన పుస్తకం చదివిన తల్లులు ఏళ్ల తరబడి బిడ్డల్ని బోర్లానే పడుకోబెట్టారు. 1992లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ అలా వద్దంది. 1994లో వెల్లకిలా నిద్రపుచ్చమని చెప్పే 'బ్యాక్ టు స్లీప్' ప్రచారం మొదలైంది. కారణం తెలియకుండా నిద్రలో పసివాళ్లు పోయే సిడ్స్ మరణాల రేటు ఆ తర్వాతి పదేళ్లలో సుమారు సగానికి తగ్గింది.

అన్నిటికన్నా కష్టం పసికందుల ఇంటెన్సివ్ కేర్ (ఎన్‌ఐసీయూ) నర్సు పని. నెలలు నిండని బిడ్డకు ఊపిరి సులువుగా ఆడాలని అక్కడ బోర్లా వేస్తారు. గుండె వేగం, ఆక్సిజన్ క్షణక్షణం మానిటరు మీద కనిపిస్తాయి కనుక అక్కడ చెల్లుతుంది. వారాల తరబడి అదే చూసిన తల్లి ఇంట్లోనూ అలాగే నిద్రపుచ్చితే తప్పు ఆమెది కాదు. ఇంట్లో మానిటరు ఉండదు. పైగా నెలలు తక్కువ బిడ్డలకే సిడ్స్ ముప్పు ఎక్కువ. అందుకే గర్భం లెక్కన 32 వారాలు వచ్చి బిడ్డ కుదుటపడితే, ఆసుపత్రిలో ఉండగానే వెల్లకిలా అలవాటు చేయాలని అకాడమీ చెబుతోంది. అలా తిప్పే రోజున నర్సు తల్లిని పక్కన నిలబెట్టుకుని ఎందుకు తిప్పుతోందో చెప్పాలి. చెప్పకుండా తిప్పితే సగం పనే అయినట్టు.

నర్సు ఒక్కతే చాలదు కూడా. 2017లో వెలువడిన ఓ అధ్యయనంలో 16 అమెరికా ఆసుపత్రుల్లో కాన్పయిన 1,600 మంది తల్లుల్ని తీసుకుని, బిడ్డల్ని ఎలా నిద్రపుచ్చుతున్నారో చూశారు. నర్సులకిచ్చిన శిక్షణ ఒక్కదానితో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇంటికెళ్లాక ఫోనులో 60 రోజులపాటు బిడ్డ నిద్ర గురించి సందేశాలు, వీడియోలు అందుకున్న తల్లుల్లో మార్పు కనిపించింది. నర్సు మాటకు విలువ లేదని దీనికి అర్థం కాదనే నా నమ్మకం. ఆ మాట ఇంటి దాకా రావాలి, ఇంట్లో ఉన్నవాళ్లందరికీ చేరాలి.

మన పురిటి వార్డుల్లో పనిచేసే చెల్లెళ్లకు నా మనవి. బిడ్డను పడుకోబెట్టడం చూపించేటప్పుడు బయట బెంచీ మీద కూర్చున్న అమ్మమ్మను, నాయనమ్మను కూడా లోపలికి పిలవండి. మా సందేహాలకు కారణం చెప్పండి. బాలింత అలసి నిద్రపోయిన రాత్రి బిడ్డను పడుకోబెట్టేది మేమే.