రేపటికి ఒక చెంచా

పోయిన ఆదివారం మా అక్క కూతురు పెట్టెలు సర్దుకుంటుంటే పక్కన కూర్చున్నాను. చదువుకని ఆగస్టులో అమెరికా వెళ్తోంది. 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు. తూకం మీదికి ఎక్కించడం, అరకిలో ఎక్కువైతే ఏదో ఒకటి తీసి పక్కన పెట్టడం, కాసేపయ్యాక మనసొప్పక మళ్లీ లోపల పెట్టడం. మూడు లీటర్ల కుక్కర్ కడుపులో కందిపొడి, కుక్కర్ చుట్టూ తువ్వాళ్లు, నూనె కారకుండా మూడేసి కవర్లు తొడిగిన ఆవకాయ, గోంగూర. మధ్యలో తలెత్తి, ‘మామయ్యా, నువ్వు వెళ్లినప్పుడు దేనికి ఎక్కువ ఇబ్బంది పడ్డావు?’ అని అడిగింది.

‘పెరుక్కి’ అన్నాను.

‘అక్కడ పెరుగు దొరకదా?’ అంది ఆశ్చర్యంగా. దొరుకుతుంది. దుకాణంలో ఒక అర నిండా ఉంటుంది. నేను చెప్పదలచుకున్నది వేరే. ఆ హడావిడిలో మాట కుదరలేదు. అందుకే ఈ వారం దాని గురించే రాస్తున్నాను.

తెనాలిలో మా ఇంట్లో రాత్రి అందరం పడుకున్నాక వినిపించే ఆఖరి చప్పుడు పెరుగు గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు. అమ్మ సాయంత్రం పాలు పొంగు రానిచ్చి, మంట తగ్గించి ఇంకాసేపు మరగనిచ్చి, దించి ఆరబెట్టేది. పడుకోబోయే ముందు చిటికెన వేలు ముంచి చూసేది. వేడి తగలాలి, కాలకూడదు. వైశాఖంలో అర చెంచా తోడు వేసి గిన్నెని కిటికీ పక్కన పెట్టేది. అయినా తెల్లారేసరికే పులుపు తిరిగేది. పుష్యమాసంలో చెంచాన్నర వేసి, గిన్నెకి తువ్వాలు చుట్టి, బియ్యం డబ్బాలో దించి మూత పెట్టేది. ఎంత వేయాలో ఆమెకి ఎవరూ చెప్పలేదు, ఆమె ఎక్కడా రాసుకోలేదు. గాలి తగిలితే ఆమె చేతికి తెలిసిపోయేది.

నాకు మాత్రం అప్పట్లో పెరుగు తయారయ్యే వస్తువని కూడా తోచలేదు. కుళాయిలో నీళ్లు ఉన్నట్టు గిన్నెలో పెరుగు ఉండేది. ఒక్కటి గుర్తుంది. భోజనాల చివర గిన్నె అడుగున ఇంకా కాస్త కనిపిస్తుంటే ‘ఉందిగా అమ్మా, వెయ్యి’ అనేవాణ్ణి. ‘అది తోడుకిరా’ అని గిన్నె వెనక్కి జరిపేది. మా అందరికీ వడ్డించాక తను కూర్చునేది. తన అన్నంలో పెరుగు తక్కువై మజ్జిగ ఎక్కువైన రోజుల్లో కూడా ఆ చెంచాడు అలాగే ఉండేది.

2009 ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి మిషిగన్ రాష్ట్రం ఉత్తరాన ఉన్న హౌటన్ అనే చిన్న ఊరికి వెళ్లాను. ఒకప్పుడు రాగి గనులతో వెలిగిన ప్రాంతం. పక్కనే సుపీరియర్ సరస్సు. కెనడా వైపు నుంచి వచ్చే చలిగాలి, ఇంకా వెచ్చదనం పోని ఆ సరస్సు మీదుగా వస్తూ తేమ పీల్చుకుని గట్టు మీద మంచుగా కుమ్మరిస్తుంది. ఏటా సగటున 200 అంగుళాలకు పైనే, అంటే ఐదు మీటర్లు దాటి కురుస్తుంది. నవంబరుకల్లా కిటికీ సగం మూసుకుపోయింది.

పండగలకి బెంగ పడతానని అందరూ ముందే చెప్పారు. దానికి సిద్ధపడే వెళ్లాను. రోజూ రాత్రి ఆఖరి ముద్ద దగ్గర ఆగిపోతానని మాత్రం ఎవరూ చెప్పలేదు. దుకాణంలో కొన్న పెరుగు ఒకటి తియ్యగా ఉండేది, ఇంకోటి నీరంతా వడకట్టేసి వెన్నముద్దలా ఉండేది. అన్నంలో కలిపితే విడివిడిగా నిలబడేవి. మాగాయ ముక్క నంజుకుంటే దేనికది వేరుగా తెలిసేది. పప్పూ కూరా తిని లేచేవాణ్ణి. కడుపు నిండేది, భోజనం మాత్రం అయినట్టు ఉండేది కాదు. చెయ్యి కడుక్కున్నాక కూడా ఇంకా ఏదో వడ్డించాల్సింది ఉన్నట్టు వంటగది వైపు చూసేవాణ్ణి.

నేనే తోడు పెట్టుకుందామనుకున్నాను. గాలన్ పాల డబ్బా తెచ్చాను. కాస్తే మీగడ కట్టలేదు. కొవ్వు బొట్లను చితగ్గొట్టి పాలంతటా సమానంగా కలిపేస్తారు కాబట్టి అది పైకి తేలదని తర్వాత తెలిసింది. మొదటిసారి తొందరపడి వేడి పాలలో తోడు వేశాను. పొద్దున చూస్తే పాలు పాలలాగే ఉన్నాయి. రెండోసారి ఆరబెట్టి వేసి గట్టు మీదే ఉంచాను. ఆ గది చలికి నీళ్లలా జారిపోయింది. మూడోసారి ఓవెన్ వెలిగించి అందులో పెట్టాను. విరిగి ముక్కలొక వైపు, నీళ్లొక వైపు అయ్యాయి.

అమ్మకి ఫోన్ చేశాను. ‘ఎంత వేడి ఉండాలమ్మా?’

‘వేలు పెట్టి పది అంకెలు లెక్కపెట్టు నాన్నా. పది దాకా ఉంచగలిగితే వెయ్యి. ఏడుకే తీసేస్తే ఇంకాసేపు ఆగు.’

‘తోడు ఎంత?’

‘చలికాలం కదా, కాస్త ఎక్కువే వెయ్యి. బాగా కలిపి, ఇంక దాన్ని కదపకు. వెచ్చగా పడుకోబెట్టు.’ పసిపిల్లని పడుకోబెట్టమన్నట్టే అంది.

వెచ్చగా ఎక్కడ పడుకోబెట్టాలో పై అంతస్తులో ఉండే వరంగల్ అక్క చూపించింది. నాకంటే ఏడాది ముందు వచ్చింది. మెట్ల దగ్గర నా మాట విని, ‘ఇంట్ల పెరుగు లేదా తమ్మీ? ఆగు, తోడిస్త తీస్కపో’ అని చిన్న గాజు సీసా తెచ్చి చేతిలో పెట్టింది. ఓవెన్ వెలిగించకుండా లోపలి బల్బు ఒక్కటే వేసి, గిన్నెని తువ్వాల్లో చుట్టి రాత్రంతా అందులో ఉంచమంది. ఆ బల్బు వేడి చాలట. నేను థాంక్స్ చెప్పబోతే, ‘ఇది నాది గాదు తమ్మీ, నాకు ఇంకో అక్క ఇచ్చిపోయింది. రోజూ ఒక్క చెంచ మాత్రం దాచిపెట్టు, గంతే’ అంది.

తెల్లారి మూత తీశాను. గిన్నె వంచితే పెరుగు కదలలేదు. చెంచా దించితే కోసినట్టు తెగి, ఆ గుంటలోకి తేట నీరు మెల్లగా ఊరింది. పొద్దున ఏడు గంటలకి అన్నం వండుకుని పెరుగు కలుపుకుని తిన్నాను.

అప్పటినుంచి ఆ గిన్నెలో ఏం జరుగుతోందో తెలుసుకోవాలనిపించింది. తోడులో ఉన్న బాక్టీరియా పాలలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పులుపు ఒక హద్దు చేరగానే కేసిన్ అనే ప్రొటీన్ వలలా అల్లుకుని నీటినీ కొవ్వునూ తనలో పట్టి ఉంచుతుంది. పాలను బాగా మరగనిస్తే మిగతా ప్రొటీన్లు కూడా ఆ వలలో కలిసి పెరుగు గట్టిపడుతుంది. కదిపితే అల్లుకుంటున్న వల తెగి నీరు వదిలేస్తుంది. దుకాణం పెరుగులో ఉండే రకాలు 40 నుంచి 45 డిగ్రీల మధ్య బాగా పనిచేస్తాయి. ఆ వేడి దగ్గరే వేలు పది అంకెలు ఓర్చుకుంటుంది. అమ్మ చెప్పిన ప్రతి మాటకీ ఒక కారణం ఉంది. ఆమెకి కారణాలతో పని పడలేదు, చేతికే తెలుసు.

ఆ చదువులోనే స్టామెన్ గ్రిగొరోవ్ గురించి తెలిసింది. బల్గేరియాలో స్టుడెన్ ఇజ్వోర్ అనే పల్లెలో 1878లో పుట్టాడు. వైద్యం చదవడానికి జెనీవా వెళ్లాడు. తన ఊరి పెరుగును మైక్రోస్కోప్ కింద పెట్టి, పాలను పెరుగు చేసే బాక్టీరియాను 1905లో అక్కడే గుర్తించాడు. ఆ పెరుగు ఇంటి నుంచి మట్టికుండలో తెచ్చుకున్నదని బల్గేరియా వాళ్లు చెప్పుకుంటారు. ఆ బాక్టీరియా పేరులో ఈ రోజుకీ ఆయన దేశం పేరు ఉంది, బల్గారికస్ అని. ఆయన పుట్టిన పల్లెలో పెరుగుకి ఒక మ్యూజియం కట్టారు. పరాయి దేశంలో చదువుకుంటున్న ఒక కుర్రాడు ఇంటి పెరుగును అంత దగ్గరగా చూశాడంటే నాకు ఎంతో సొంత మనిషిలా అనిపించాడు. ఊళ్లో ఉండగా దాన్ని ఆయనా రోజూ తినే ఉంటాడు. దూరం వచ్చాకే అందులో ఏముందో చూడాలనిపించింది.

డిసెంబరు పరీక్షల వారంలో ఒక రాత్రి ఆకలి మీద గిన్నె అడుగు దాకా గీకి తినేశాను. పాలు కాచి, ఆరబెట్టి, తోడు కోసం గిన్నె తీస్తే ఖాళీగా ఉంది. అక్క ఊళ్లో లేదు. బూట్లు తొడుక్కుని, మోకాలి లోతు మంచులో రెండు భవనాల అవతల ఉన్న తెలుగు పిల్లల గదికి వెళ్లి, ఒక్క చెంచాడు తోడు అడిగి, గడ్డకట్టకుండా సీసాని చొక్కా లోపల పెట్టుకుని వచ్చాను. ఆ దారిలోనే లెక్క వేశాను. గుంటూరు కాలేజీకి కూడా ఇంటి నుంచే వెళ్లొచ్చిన వాణ్ణి. ఇరవై రెండేళ్లు ఆ ఇంట్లోనే అన్నం తిన్నాను. అంటే ఎనిమిది వేల రాత్రులు. ఇన్ని రాత్రుల్లో ఒక్క పొద్దున కూడా పెరుగు లేదన్న మాట నేను వినలేదు. అమ్మకి జ్వరం వచ్చిన రోజులు ఉన్నాయి. తాతయ్య పోయిన రోజు ఉంది. జ్వరంలో మంచం మీంచే ‘పాలకి తోడు వేశారా?’ అని నాన్నని అడగడం నాకు గుర్తుంది. నేను మూడు నెలలకే మర్చిపోయాను.

ఇంటి సుఖం అనే మాటని అంతకుముందు నేను వేరేగా అర్థం చేసుకున్నాను. మెత్తని పరుపు, వేడి అన్నం, అడక్కుండానే ఉతికి మడత పెట్టిన బట్టలు అనుకున్నాను. ఆ మంచులో నాకు అర్థమైంది ఇది: మనం నిద్రపోయాక ఒక మనిషి మెలకువగా ఉండి, రేపటి గురించి తలచుకుని, ఈ రోజుదాంట్లోంచి ఒక చెంచా తీసి పక్కన పెట్టడం. ఆ పని ఎవరికీ కనపడదు. జరగని రోజున మాత్రమే తెలుస్తుంది.

ఆ చలికాలం రాత్రి తొమ్మిది గంటలకి తోడు వేసేవాణ్ణి. అప్పుడు తెనాలిలో తెల్లారి ఏడున్నర. నేను మూత పెడుతున్న వేళకి అమ్మ అక్కడ మూత తీస్తూ ఉండేది. కొన్నిసార్లు ఫోన్లో ఆ చప్పుడు వినపడేది. ‘తోడుకుందా?’ అని నేను అడిగేవాణ్ణి. ‘తోడుకుంది. నీదో?’ ‘ఇప్పుడే వేశాను.’ ఇంతే మాట్లాడుకుని పెట్టేసిన రోజులున్నాయి. అవి చాలేవి.

2011 మేలో ఆ ఊరు వదిలి వచ్చేటప్పుడు సీసాని అనంతపురం నుంచి వచ్చిన తమ్ముడికి ఇచ్చాను. నాది కాదని, నాకొక అక్క ఇచ్చిందని చెప్పాను.

ఆదివారం రాత్రి పెట్టెలు మూశాక మేనకోడల్ని వంటగదిలోకి పిలిచాను. పాలు కాచింది. ఆరాక వేలు ముంచి పైకే లెక్కపెట్టింది. మొదట ఆరు దగ్గర తీసేసింది. ఇంకాసేపు ఆగి ముంచితే పది దాకా వచ్చింది. తోడు వేసి, కలిపి, మూత పెట్టింది. మర్నాడు పొద్దున గిన్నె వంచి చూసి ముఖమంతా వెలిగిపోయింది. ఇంటిల్లిపాదికీ తనే వడ్డించింది. అందరిదీ అయ్యాక, అడుగున మిగిలిన కాస్తా నా కంచంలో వేయబోయింది.

‘అది తోడుకి తల్లీ’ అన్నాను.