రాతిపలక అరగదీసే నేర్పు

ఇటలీ ఆల్ప్స్‌లోని లాంజో శిలల్లో, ఒక భూఫలకం మరొకదాని కిందికి దిగే లోతుల్లో జీవుల ప్రమేయం లేకుండానే మీథేన్ పుట్టిందని తేలడం వెనుక, రాతిని కోసి అరగదీసే ప్రయోగశాల పనివారి నేర్పు ఉంది. ఆలివిన్ అనే ఖనిజంలోని ఇనుము నీటితో చర్య జరిపినప్పుడు వెలువడే హైడ్రోజన్, కార్బొనేట్‌లోని కర్బనంతో కూడి మీథేన్‌గా మారి, స్ఫటికాల్లో కంటికి ఆనని గుంటల్లో చిక్కుకుంటుంది. మామూలు రాతిపలకను 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీస్తారు గాని, ఈ గుంటలు తెగకుండా ఉండాలంటే అంతకంటే మందంగానే ఆపి, రెండు ముఖాలకూ మెరుగు పెట్టాలి; రాయి వేడెక్కితే లోపలి వాయువు ఒత్తిడికి గుంట పగిలిపోవచ్చు కనుక, నీళ్లు పారిస్తూ నిదానంగా కోసే ఆ ఓపిక ఎంతైనా మెచ్చదగినది. పలక అలా చక్కగా కుదిరాకే, 1928లో సి.వి. రామన్ కనుగొన్న కాంతి పరిక్షేపణం ఆధారంగా, గుంటను పగలగొట్టకుండానే అందులోని మీథేన్‌ను లేజర్‌తో గుర్తిస్తారు.