న్యాయవిద్యయు రాజీమార్గమును

కోర్టులో ఓడినవాడు అక్కడనే యేడ్చును, గెలిచినవాడు ఇంటికి వచ్చి యేడ్చునని మనవారి సామెత. ఈ యనుభవము జనులకు పాతదే యైనను, న్యాయశాస్త్ర విద్యార్థులకు పాఠమగుటకు చాల కాలము పట్టినది. భారత బార్ కౌన్సిలు 2008 నాటి నియమములలో ప్రత్యామ్నాయ వివాద పరిష్కారమును తప్పనిసరి పాఠ్యాంశముగా, అదియు అభ్యాసపూర్వకముగా నేర్పవలసిన దానిగా, నిర్ణయించినది.

ఏర్పాటు మెచ్చదగినదే. కాని బోధన సెక్షనుల వల్లెతో ముగిసినచో ప్రయోజనమేమి? 2002 జూలై 1 నుండి అమలులోనున్న సివిలు ప్రొసీజరు కోడు 89వ సెక్షనును, 1987 నాటి చట్టముచే లోక్ అదాలతు తీర్పునకు డిక్రీతో సమానమగు బలము కలదనియు, దానిపై అప్పీలు లేదనియు విద్యార్థి అప్పగింపవచ్చును. ఎదుటివాని మాట ఓపికతో వినుట మాత్రము అతనికి రాకపోవచ్చును. మాదిరి కోర్టు పోటీలలో వాదించి గెలిచినవానికి బహుమానము కలదు, తగవు తీర్చినవానికేది?

మన భాషయు ఇచట కొంత చిక్కు పెట్టుచున్నది. ఉభయుల వాదమును విని తీర్పు చెప్పువానిని మధ్యవర్తి యందుము. తీర్పు చెప్పక, వారంతట వారే యొడంబడికకు వచ్చునట్లు తోడ్పడువానిని గూడ మధ్యవర్తి యనియే యందుము. పార్లమెంటు 2023లో చేసిన చట్టము ఈ రెండవవానికి సంబంధించినది. హైదరాబాదున 2021 డిసెంబరులో ప్రారంభమైన అంతర్జాతీయ కేంద్రము రెండు పనులకును ఉద్దేశింపబడినది. ఈ భేదమును తెలియని విద్యార్థి పెద్దమనిషి పంచాయితీనే నూతనవిద్య యని భ్రమించును.

మఠంపల్లి వైపు ఇరువురు రైతులకు గట్టు తగవు వచ్చినదనుకొందము. తీర్పు గట్టెవరిదో చెప్పును. మఱునాటి నుండి ఆ యిరువురును ఒక్క బాటనే పొలమునకు పోవలయును. ఆ సంగతి తీర్పునకు పట్టదు. నేర్పుగల మధ్యవర్తి మొదట అడుగవలసినది దానినే.

అయినను ఒక హెచ్చరిక యవసరము. దెబ్బలు తిన్న యిల్లాలితో "సర్దుకొని పొమ్మ"నుట రాజీ కాదు. బలవంతుని గెలుపునకు మంచిపేరు పెట్టుట. ఎదుటివానితో సమముగా కూర్చుండి మాటాడలేని వారికి కోర్టే దిక్కు. ఏ తగవును చావడిలో తీర్పవచ్చునో, దేనిని న్యాయాధిపతి యెదుటనే పెట్టవలయునో విడదీయుటయే ఈ విద్యకు ప్రాణము. పరీక్షకులు ముందుగా ఆ వివేకమునకు మార్కులు వేయుదురు గాక.