అమ్మ చెప్పాల్సిన పురిటి కథ

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్న ఆచారం మనలో ఇంకా గట్టిగానే ఉంది. కూతుర్ని పురిటికి తెచ్చుకున్న తల్లి ఆమె పథ్యం చూస్తూ, తనకు నొప్పులొచ్చిన రాత్రి గురించి, పిల్ల పాలు పట్టక ఏడ్చిన రోజుల గురించి మాట్లాడుతుంది. ఇంట్లోవాళ్లు వాటిని కాలక్షేపం కబుర్లనుకుంటారు. నా ఉద్దేశంలో అవి తల్లి ఒక్కతే ఇవ్వగలిగిన ఆస్తి. కూతురు కడుపుతో వచ్చేదాకా ఆగకుండా, చిన్నప్పటినుంచే చెప్పాలి, రాసి పెట్టాలి. మూడేళ్లలోపు సంగతులు పెద్దయ్యాక చాలామందికి గుర్తుండవు కదా. న్యూజిలాండ్‌లో 2000లో వెలువడిన అధ్యయనంలో అక్కడి మూలవాసులైన మావోరీల తొలి జ్ఞాపకం సగటున మూడేళ్లు నిండకముందుది, ఐరోపా సంతతివారిది మూడున్నరేళ్లప్పటిది. మావోరీ తల్లులు బిడ్డకు పుట్టుక కథను ఎక్కువ వివరంగా చెబుతారని పరిశోధకురాలు ఎలైన్ రీస్ బృందం 2008లో చూపించింది. కారణం అదొక్కటే కాకపోవచ్చు. అయినా చెప్పే ఇంట్లో జ్ఞాపకం ముందుగా వేళ్లూనుతుందన్నది నాకు సబబుగానే తోస్తుంది.

అమ్మ జ్ఞాపకాన్ని ఎంతవరకు నమ్మొచ్చని అడిగేవారున్నారు. అమెరికాలో ప్రసవ శిక్షకురాలు పెన్నీ సిమ్‌కిన్ 20 మంది స్త్రీలు తొలి కాన్పు కొత్తలో రాసుకున్నదాన్ని, 15 నుంచి 20 ఏళ్ల తర్వాత చెప్పినదానితో పోల్చారు. చాలావరకు సరిపోయింది. పక్కనున్నవాళ్లు తమను ఎలా చూసుకున్నారన్నది మరీ స్పష్టంగా నిలిచింది. ఆస్పత్రి కాగితాలు ఉండగా ఇదెందుకంటారా? పాతికేళ్ల నాటి కేస్‌షీటు ఎన్ని ఇళ్లలో దొరుకుతుంది? తల్లికి కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగి ప్రీఎక్లాంప్సియా వచ్చి ఉంటే కూతురికీ ఆ ముప్పు ఎక్కువ. డాక్టరు అడిగినప్పుడు జవాబు అమ్మ దగ్గరే ఉంటుంది.

భయపెట్టే సంగతులు కూడా చెప్పాలా అన్న సందేహంలో న్యాయముంది. నిండు నెలల మనిషికి ఉన్నట్టుండి చెప్తే బెదిరిపోతుంది. ముందునుంచీ విన్నదయితే తట్టుకుంటుంది. ఇంతకన్నా కష్టమైనది మరొకటుంది. ఆడపిల్ల అనగానే పురిటిగది బయట ముఖాలు మాడ్చుకున్నవాళ్ల సంగతి. దాన్నీ దాచొద్దంటాను, పిల్ల ఎదిగాక చెప్పొచ్చు. కాని నువ్వు పుట్టినందుకు నేను సంతోషించానన్న మాట మాత్రం మొదటినుంచీ ఆమె చెవిన పడాలి. లింగనిర్ధారణను ఆపడానికి 1994లో చట్టమే తేవలసి వచ్చిన దేశంలో ఆ ఒక్క మాటకు చాలా విలువుంది. అమ్మ దగ్గరుంటే ఈ వారమే కూర్చోబెట్టి అడగండి. ఆమె చెప్పింది చెప్పినట్టు, ఆమె మాటల్లోనే రాసుకోండి.